దూకడం కాదు, దాటడం

తమిళనాడులోని వాడిపట్టి పొలాల్లో సాయంత్రంపూట పిల్లలు పంట కాలువ ఎలా దాటుతారో గమనించండి. కొందరు గట్టున ఆగి, బలం కూడగట్టుకుని, ఎత్తుగా ఎగిరి అవతల చతికిలబడతారు. ఒకరిద్దరు మాత్రం పరుగు ఆపరు. ఒక్క అడుగు సాగదీసి, అవతలి గట్టున కాలు మోపి, అదే ఊపులో వెళ్లిపోతారు. మొదటివాళ్లు కాలువను దూకారు, రెండోవాళ్లు దాటారు.

ఇంట్లో తెలుగు, బడిలో తమిళం మాట్లాడే ఇక్కడి పిల్లలకు హర్డిల్స్ పందెం ‘తడై తాండుం ఓట్టం’ అన్న పేరుతో పరిచయం. మన మాటల్లో అడ్డు దాటే పరుగు. ఆ పేరులో ‘దూకు’ లేదు, ‘దాటు’ ఉంది. ఈ పందెంలోని శాస్త్రమంతా ఆ తేడాలోనే ఉంది.

2024 మార్చిలో గ్లాస్గోలో ప్రపంచ ఇండోర్ అథ్లెటిక్స్ పోటీలు జరిగాయి. పురుషుల 60 మీటర్ల హర్డిల్స్‌లో అమెరికా ఆటగాడు గ్రాంట్ హాలోవే 7.29 సెకన్లలో స్వర్ణం గెలిచాడు. ఇటలీకి చెందిన లొరెంజో సిమొనెల్లి 7.43 సెకన్లతో రెండోవాడు. అంతకు రెండు వారాల ముందే హాలోవే 7.27 సెకన్లతో ప్రపంచ రికార్డు నెలకొల్పాడు.

దారిలో ఐదు హర్డిల్స్. ఒక్కోటి 106.7 సెంటీమీటర్లు, అంటే మూడున్నర అడుగుల ఎత్తు. మొదటిది 13.72 మీటర్ల దగ్గర, ఆపైన 9.14 మీటర్లకు ఒకటి. ఇవి పాత గజాల కొలతలు: పదిహేను గజాలు, పది గజాలు. ఆటగాడు హర్డిల్‌కు సుమారు రెండు మీటర్ల ముందే నేల వదిలి, దాటాక మీటరు పైచిలుకు దూరంలో దిగుతాడు. మిగిలిన దూరం సరిగ్గా మూడు అంగల్లో ముగియాలి. లెక్క తప్పితే తర్వాతి హర్డిల్‌కు అలవాటైన కాలు ముందుకు రాదు.

గాలిలో ఉన్నంతసేపు పాదానికి తన్నడానికి నేల ఉండదు కాబట్టి వేగం పెరగదు. పది సెంటీమీటర్లు కిందికి పడడానికి 0.14 సెకను, ముప్పై సెంటీమీటర్లకు 0.25 సెకను పడుతుంది. పైకి లేవడానికీ అంతే కాలం. అంటే శరీరం ఇరవై సెంటీమీటర్లు అదనంగా లేస్తే గాలిలో గడిపే కాలం 0.2 సెకను పైగా పెరుగుతుంది. గ్లాస్గోలో స్వర్ణానికీ రజతానికీ మధ్య తేడా 0.14 సెకను మాత్రమే! పైగా ఎత్తుకు ఎగరడానికి ముందుకు పోయే ఊపులో కొంత ఖర్చవుతుంది.

అందుకే ఆటగాడు నడుము వంచి ఛాతీని ముందుకాలి మీదికి తెస్తాడు. వెనక కాలిని మోకాలి దగ్గర మడిచి పక్కనుంచి లాగుతాడు. శరీరం హర్డిల్ మీదుగా పోతుంది కానీ గరిమనాభి, అంటే శరీర బరువుకు కేంద్రమైన బిందువు, పెద్దగా లేవదు. ముందుకాలికి ఎదురు చెయ్యి ముందుకు చాచడం ఒళ్లు పక్కకు తిరిగిపోకుండా. 2019లో ఒకే పోటీలో హాలోవే హర్డిల్స్ లేని 60 మీటర్లను 6.50 సెకన్లలో, హర్డిల్స్‌తో 7.35 సెకన్లలో పరుగెత్తాడు. తేడాను ఐదుతో భాగిస్తే, ఒక్కో అడ్డు తీసుకున్నది 0.17 సెకను!

ఇండోర్ పరుగులో గాలివాటం ఉండదు. దాని విలువ మన విశాఖ అమ్మాయి జ్యోతి యర్రాజికి బాగా తెలుసు. 2022లో కోళికోడ్‌లో ఆమె 100 మీటర్ల హర్డిల్స్‌ను 13.09 సెకన్లలో ముగించింది. వెనకనుంచి వీచిన గాలి సెకనుకు 2.1 మీటర్లు, రికార్డుకు నిబంధన అనుమతించేది 2.0 వరకే. జాతీయ రికార్డు చేజారింది. మరుసటి నెలలోనే సైప్రస్‌లో 13.23 సెకన్లతో, 2002 నాటి 13.38 రికార్డును ఆమె చెరిపేసింది. 2024 ఫిబ్రవరిలో టెహ్రాన్‌లో, గాలి ఊసే లేని ఆసియా ఇండోర్ పోటీల్లో, 60 మీటర్ల హర్డిల్స్‌లో 8.12 సెకన్లతో స్వర్ణం గెలిచింది.

ఊరి బడి మైదానంలో హర్డిల్స్ నేర్పేటప్పుడు ‘ఇంకా ఎత్తుకు ఎగురు’ అని కేకేస్తుంటాం. అది తప్పు. రెండు ఇటుకల మీద ఒక తేలిక కర్ర పెట్టి, ‘త్వరగా దిగు, పరుగు ఆపకు’ అని చెప్పి చూడండి. కాలువను పరుగు ఆపకుండా దాటే ఆ ఒకరిద్దరు పిల్లలకు ఆ మాట వెంటనే అర్థమవుతుంది. వాళ్ల కాళ్లకు అది ఎప్పుడో తెలుసు.