స్టెయిన్‌లెస్ స్టీలు 304, 316 రకములు కొలిమిలో గట్టిపడవు

అప్పనపల్లి వైనతేయ గోదావరి ఒడ్డున ఉన్నది. ఉప్పునీరు తగులు చోట మామూలు ఇనుము త్వరగా తుప్పుపట్టును. అందుచే రొయ్యల చెరువుల ఏరియేటర్లకు స్టెయిన్‌లెస్ స్టీలు ఇరుసులు, బోల్టులు వాడుదురు.

304 రకములో క్రోమియము సుమారు 18, నికెలు 8 శాతము ఉండును. 316 రకములో 2 నుండి 3 శాతము మాలిబ్డినము కూడ ఉండుటచే, ఉప్పునకు అదియే ఎక్కువ ఆగును.

ఇనుప కత్తికివలె దీనిని కాల్చి నీట ముంచినచో గట్టిపడదు. సుమారు 1050 డిగ్రీల సెంటీగ్రేడుకు కాల్చి వెంటనే చల్లార్చినచో మెత్తబడును. కాల్చకుండ సుత్తితో కొట్టినను, వంచినను గట్టిపడును. కావున వంగిన ఇరుసును మరల మరల కొట్టి సరిచేయరాదు, పగులవచ్చును.

అట్లు గట్టిపడిన చోట అయస్కాంతము కొంచెము అంటవచ్చును. 304, 316 రకములను అయస్కాంతము వేరుచేయజాలదు. కొనునప్పుడు బిల్లుపై రకము సంఖ్య తప్పక వ్రాయించుకొనుడు.