‘ట్రాన్స్‌పోర్టేషన్’ అంటే రవాణా కాదు: న్యాయపదాల అనువాదం – అండమాన్ చెప్పే పాఠం

విద్యార్థులారా! ఈ పాఠాన్ని ఒక చిన్న పరీక్షతో మొదలుపెడదాం. పాత ఇంగ్లీషు తీర్పు ఒకటి మీ చేతికి వచ్చిందనుకోండి. అందులో ముద్దాయికి ‘ట్రాన్స్‌పోర్టేషన్ ఫర్ లైఫ్’ విధించినట్లు ఉంది. దాన్ని తెలుగులోకి మార్చాలి. నిఘంటువు తెరిస్తే ‘ట్రాన్స్‌పోర్టేషన్’కు రవాణా అని, ‘లైఫ్’కు జీవితం అని కనిపిస్తాయి. రెండూ కలిపితే ‘యావజ్జీవ రవాణా’ అవుతుంది!

ఇలాంటి తప్పును ఎవరైనా వెంటనే పట్టుకుంటారు. కాని చూడటానికి సరిగానే ఉండి లోపల వేరే అర్థాన్ని మోసే మాటలు కూడా ఉంటాయి. న్యాయపదాల అనువాదంలో అసలు ప్రమాదం వాటితోనే. అది ఎలాంటిదో ఈ ఒక్క పదం చరిత్ర ద్వారా తెలుసుకుందాం.

ఆ శిక్ష ఏమిటి?

నేరస్థులను సముద్రం దాటించి దూరపు వలసలకు పంపే శిక్ష ఇంగ్లండులో ఉండేది. మొదట అమెరికాకు, తరువాత ఆస్ట్రేలియాకు పంపేవారు. ఆస్ట్రేలియాకు పంపడం 1868లో ఆగిపోయింది. భారతదేశంలో 1837లో శిక్షాస్మృతి ముసాయిదా తయారుచేసిన మెకాలే కమిషన్ ఈ శిక్షను ఇక్కడా చేర్చింది. సముద్రం దాటడమంటే ఈ దేశప్రజలకు ఉన్న భయం శిక్షకు బలాన్నిస్తుందని ఆ కమిషన్ భావించింది.

1857 తిరుగుబాటు తరువాత, 1858 మార్చి 10న, సుమారు 200 మంది ఖైదీలతో మొదటి బృందం అండమాన్ చేరింది. పోర్ట్ బ్లెయిర్‌లో ఖైదీల వలస అలా మొదలైంది. ఆ నగరానికి 2024లో శ్రీ విజయపురం అని పేరు మార్చారు. ఇండియన్ పీనల్ కోడ్ 1860లో ఆమోదం పొంది 1862 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చింది. దాని 53వ సెక్షన్‌లోని శిక్షల పట్టికలో మరణశిక్ష తరువాతి స్థానం ‘ట్రాన్స్‌పోర్టేషన్’దే. 1896 నుంచి 1906 వరకు కట్టిన సెల్యులర్ జైలు కూడా ఈ శిక్ష కోసమే.

ఒక విషయం గమనించండి. అదే కోడ్‌లోని 56వ సెక్షన్ ప్రకారం ట్రాన్స్‌పోర్టేషన్ పడవలసిన ముద్దాయి యూరోపియన్ లేదా అమెరికన్ అయితే, దాని బదులు ‘పీనల్ సెర్విట్యూడ్’ విధించాలి. నేరం ఒకటే అయినా మనిషి జాతిని బట్టి శిక్ష పేరు మారేది. ఈ భేదాన్ని 1949లో తొలగించారు. కాబట్టి పాత తీర్పుల్లో ఈ రెండు పదాలు ఎదురైనప్పుడు రెండింటినీ ఒకే తెలుగు మాటతో సరిపెట్టకూడదు. అలా చేస్తే చట్టంలో ఉన్న వివక్ష అనువాదంలో మాయమవుతుంది.

తెలుగు మాటలో చేరిన దీవి

మనవాళ్లు ఈ శిక్షను ‘ద్వీపాంతరవాస శిక్ష’ అన్నారు. బెంగాలీలోనూ ‘ద్వీపాంతర్’ అన్నారు. హిందీలో ‘కాలాపానీ’ అన్న మాట జనం నోట నిలిచింది. ద్వీపాంతరం అంటే మరొక దీవి. చక్కని మాట. చదివినవారికీ చదవనివారికీ వెంటనే అర్థమయ్యే మాట.

కాని ఇంగ్లీషు పదాన్ని మరొకసారి చూడండి. అందులో దీవి లేదు. మనిషిని దాటించి పంపడం ఉంది గాని, ఎక్కడికి అన్నది లేదు. దీవిని చేర్చింది మన అనువాదమే. చాలాకాలం ఈ తేడా ఎవరికీ అడ్డు రాలేదు, ఎందుకంటే ఖైదీలు నిజంగా దీవికే వెళ్లేవారు.

తరువాత పరిస్థితి మారింది. 1919–20 నాటి భారత జైళ్ల కమిటీ అండమాన్‌కు ఖైదీలను పంపడం మానాలని సిఫారసు చేసింది. 1942 మార్చి నుంచి 1945 అక్టోబరు వరకు దీవులు జపాన్ ఆక్రమణలో ఉన్నాయి. యుద్ధం ముగిశాక ఖైదీల వలసను రద్దు చేశారు. కాని చట్టంలో ఆ పదం అలాగే ఉండిపోయింది! సుమారు పదేళ్లపాటు కోర్టులు ‘ట్రాన్స్‌పోర్టేషన్’ విధిస్తూనే ఉన్నాయి, పంపడానికి దీవి మాత్రం లేదు. ద్వీపాంతర శిక్ష పడిన ఖైదీ రాజమండ్రి జైలులోనే ఉంటే, ఆ శిక్ష అమలైనట్టా, కానట్టా?

తెలుగు మాటను బట్టి చూస్తే కానట్టే. చట్టాన్ని బట్టి చూస్తే అయినట్టే. 58వ సెక్షన్ ప్రకారం, పంపేవరకు అతడిని కఠిన కారాగార శిక్ష పడినవాడిగానే చూడాలి. లాహోర్ కుట్ర కేసు ఖైదీ కిశోరీలాల్ అప్పీలులో ప్రీవీ కౌన్సిల్ ఈ సంగతే తేల్చింది. ట్రాన్స్‌పోర్టేషన్ అంటే తప్పనిసరిగా సముద్రం దాటించాలని కాదు, ఆ ఖైదీని దేశంలోని జైలులోనే ఉంచవచ్చు అని చెప్పింది. అంటే, మూలంలో లేని దీవిని మన మాట చట్టానికి అంటగట్టిందన్నమాట.

‘యావజ్జీవం’ ఎన్నేళ్లు?

1955లో చేసిన సవరణ 1956 జనవరి 1 నుంచి ‘ట్రాన్స్‌పోర్టేషన్ ఫర్ లైఫ్’ స్థానంలో ‘ఇంప్రిజన్‌మెంట్ ఫర్ లైఫ్’ను పెట్టింది. తెలుగులో అది యావజ్జీవ కారాగార శిక్ష. దీవి పోయింది, ‘జీవితం’ మిగిలింది. అసలు చిక్కు ఇక్కడే మొదలైంది.

యావజ్జీవం అంటే ఎన్నేళ్లు అని ఎవరినైనా అడిగి చూడండి. చాలామంది పద్నాలుగు అంటారు, కొందరు ఇరవై అంటారు. ఈ అంకెలు ఊరికే పుట్టలేదు. యావజ్జీవ శిక్షను 14 ఏళ్లకు మించని కారాగారంగా ప్రభుత్వం మార్చవచ్చని 55వ సెక్షన్ చెప్పింది. శిక్షలో కొంతభాగాన్ని లెక్కకట్టవలసి వస్తే 20 ఏళ్లుగా తీసుకోవాలని 57వ సెక్షన్ చెప్పింది. 1911లో సెల్యులర్ జైలుకు వచ్చిన సావర్కర్‌కు పడిన రెండు యావజ్జీవ శిక్షలను కలిపి 50 ఏళ్లుగా లెక్కించారు. మరోవైపు, రంప తిరుగుబాటులో పాల్గొని అండమాన్ శిక్ష అనుభవించిన గాం మల్లుదొర తిరిగి వచ్చి, 1952లో తొలి లోక్‌సభకు ఎన్నికయ్యారు. ఇన్ని రకాల లెక్కలు ఉన్నప్పుడు ‘జీవితం’ అనే మాటకు జనం ఒక అంకెను అతికించడంలో ఆశ్చర్యం లేదు.

ఈ ప్రశ్న సుప్రీంకోర్టుకు వెళ్లింది. గాంధీజీ హత్యకేసులో శిక్షపడిన గోపాల్ వినాయక్ గాడ్సే, తన శిక్ష 20 ఏళ్లేనని, తగ్గింపులు కలుపుకుంటే అది పూర్తయిందని వాదించాడు. 1961లో కోర్టు ఆ వాదాన్ని తిరస్కరించింది. ప్రభుత్వం తగ్గిస్తే తప్ప యావజ్జీవం అంటే ఆ వ్యక్తి మిగిలిన జీవితమంతా అని తీర్పు చెప్పింది. అతడు 1964లో విడుదలయ్యాడు. అది ప్రభుత్వం శిక్ష తగ్గించినందువల్లే గాని, మాటకు అర్థం మారినందువల్ల కాదు.

ఇప్పుడు మన తెలుగు మాటను చూడండి. యావత్ + జీవం: బతికి ఉన్నంతకాలం. కోర్టు చెప్పిన అర్థం సరిగ్గా ఇదే. ‘ద్వీపాంతరం’ విషయంలో మూలం కంటే ఎక్కువ చెప్పిన తెలుగు, ‘యావజ్జీవం’ విషయంలో మూలానికి సరిగ్గా సరిపోయింది. 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహితలో కొన్ని నేరాలకు ‘ఆ వ్యక్తి మిగిలిన సహజ జీవితమంతా’ అని విడమరచి రాశారు. ఒక్క మాట మీద ఇంత వివాదం నడిచాక చట్టమే వివరణ ఇచ్చుకోవలసి వచ్చింది.

జర్మన్ నుంచి ఇంగ్లీషుకు

ఈ చిక్కు మన భాషలది మాత్రమే కాదు. జర్మన్ చట్టాలను ఇంగ్లీషులోకి తెచ్చేవారికీ ఇదే సమస్య. ‘త్సుఖ్ట్‌హౌస్’ అనే పదం తీసుకోండి. విడదీస్తే ‘క్రమశిక్షణ ఇల్లు’. చట్టంలో అది కఠినమైన పనితో కూడిన కారాగారం. పశ్చిమ జర్మనీ 1969 నాటి సంస్కరణతో ఆ రకం శిక్షనే తీసివేసింది. దాన్ని ఇంగ్లీషులో ఉత్త ‘ప్రిజన్’ అంటే, ఆ రోజుల్లో తేలిక జైలుకు, కఠిన జైలుకు ఉన్న తేడా చెరిగిపోతుంది.

‘లేబెన్స్‌లాంగె ఫ్రైహైట్స్‌ష్ట్రాఫె’ అంటే జీవితకాలం స్వేచ్ఛను తీసివేసే శిక్ష. ఇంగ్లీషులో ‘లైఫ్ ఇంప్రిజన్‌మెంట్’ అంటారు. మాట సరిపోతుంది. కాని అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం 1977లో, ఇలాంటి ఖైదీకి కూడా ఎప్పటికైనా విడుదలయ్యే ఆశ ఉండాలని చెప్పింది. దాన్ని అనుసరించి వచ్చిన చట్టం ప్రకారం 15 ఏళ్ల తరువాత విడుదలను కోర్టు పరిశీలించవచ్చు. మన దేశంలో శిక్ష తగ్గించే అధికారం ప్రభుత్వానిది. మరణశిక్షకు కూడా వీలున్న నేరాలలో యావజ్జీవం పడినవారు కనీసం 14 ఏళ్లు జైలులో గడపాలి. ఆ 14 కనీసపు హద్దు మాత్రమే, విడుదల హక్కు కాదు. పేరు ఒకటే అయినా తలుపు తాళం ఎవరి చేతిలో ఉందన్నది దేశాన్ని బట్టి మారుతుంది.

మీరు అనువదించేటప్పుడు

న్యాయపదం ఎదురైనప్పుడు మూడు ప్రశ్నలు వేసుకోండి. ఒకటి: ఈ పదం ఏ చట్టంలోది, ఏ సంవత్సరం నాటిది? రెండు: ఆ చట్టంలో ఇది ఎవరికి ఏం చేస్తుంది? మూడు: నేను ఎంచుకున్న మాట మూలంలో లేనిది ఏమైనా చేరుస్తోందా, ఉన్నది ఏమైనా వదిలేస్తోందా? వీటికి జవాబు దొరికాకే నిఘంటువు తెరవండి.

ఇది పరీక్ష మార్కుల కోసం మాత్రమే కాదు. 1973 నాటి చట్టం ప్రకారం, రాష్ట్రపతి అధికారంతో ప్రచురించిన కేంద్ర చట్టపు తెలుగు అనువాదం తెలుగులో ప్రామాణిక పాఠమే. 2011 జనగణన ప్రకారం అండమాన్ నికోబార్ దీవులలో సుమారు 13 శాతం మంది మాతృభాష తెలుగు. ఒకనాడు శిక్షకు పేరుగా నిలిచిన దీవిలో ఈనాడు తెలుగు పిల్లలు బడికి వెళుతున్నారు. వారైనా మీరైనా రేపు ఒక తీర్పును తెలుగులో చదివినప్పుడు, అందులోని మాట ఒక మనిషి జైలులో గడిపే కాలాన్ని సరిగా చెప్పాలి.

అభ్యాసం: తెలుగు ఆస్తి దస్తావేజుల్లో ‘స్వాధీనం’, ‘హక్కు’ అనే రెండు మాటలు వేరువేరుగా కనిపిస్తాయి. అద్దెకు ఉన్నవారికి ఇంట్లో వీటిలో ఏది ఉంటుంది? జర్మన్ చట్టంలోని ‘బెసిట్స్’, ‘ఐగెన్‌టూమ్’ కూడా ఇలాంటి జంటే. మాట్లాడే భాషలో జర్మన్లు ఈ రెండింటినీ తరచు కలిపేస్తారు. వీటిలో ఏది ఏదో పై మూడు ప్రశ్నలతో తేల్చి, మీ ఉపాధ్యాయులకు చూపించండి.