గేమింగ్ హెడ్‌సెట్ తలను ఎందుకు నొక్కుతుంది?

చాలామంది బరువునే తప్పుపడతారు. ఆ బరువు తలమీద ఎలా పడుతోందన్నది ఇంకా ముఖ్యం. పైపట్టీ సన్నగా ఉంటే భారమంతా నడినెత్తిన ఒక్కచోటే పడుతుంది. వెడల్పుగా, మెత్తగా ఉంటే పరుచుకుంటుంది. పక్కల బిగువు తగ్గితే హెడ్‌సెట్ జారుతుంది, పెరిగితే కణతలు నొప్పెడతాయి. కళ్లద్దాలు పెట్టుకునేవాళ్లకు మరీ బాధ.

2015లో వచ్చిన హైపర్‌ఎక్స్ క్లౌడ్ 2 హెడ్‌సెట్ చూడండి. అల్యూమినియం చట్రం, చెవుల చుట్టూ మెమరీ ఫోమ్. ఈ ఫోమ్ ఒంటి వేడికి మెత్తబడి చెవి చుట్టూ ఒదుగుతుంది. సందులు మూసుకోవడంతో బేస్ శబ్దం బయటికి పోదు. తోలులాంటి తొడుగు కింద చెమట పడుతుంది కాబట్టి, మార్చుకోవడానికి గుడ్డ మెత్తలు కూడా ఇచ్చారు. నాకు బాగా నచ్చింది ఇదే.

కొనేముందు చెవి కప్పులు తిరిగే కీళ్లు గట్టిగా ఉన్నాయో లేదో చూడండి. కళ్లద్దాలుంటే వాటితోనే పెట్టుకుని, పది నిమిషాలు ఉంచుకోండి.