శస్త్రచికిత్స తరువాత భుజబలము

భుజబలము అన్న మాటను మనము పరాక్రమానికి మారుపేరుగా వాడుతున్నాము. ఆ బలము ఒక చిన్న కీలుపై ఎంతగా ఆధారపడి ఉన్నదో అది తప్పినపుడు గాని తెలియదు. కబడ్డీ బరిలో భుజముమీద పడిన విద్యార్థికి, మోటారు సైకిలుమీదనుండి జారిపడినవానికి ఈ దెబ్బ తగులవచ్చును. మా సత్తెనపల్లి ప్రాంతములో మిర్చి బస్తాలు, పత్తి మూటలు మోసి బ్రతికే ఇంట ఇది కేవలము నొప్పి కాదు. జీవనాధారానికే తగిలిన దెబ్బ. కనుక దీనిని గూర్చి కొంత వివరింపదలచినాము.

మెడక్రింద అడ్డముగా ఉండే ఎముకను జత్రుక అంటారు. దాని వెలుపలి కొన భుజముపైన రెక్క ఎముకతో కలిసేచోట ఈ కీలు ఉన్నది. చేతిని మొండెముతో కలిపే ఎముకల వంతెన జత్రుక ఒక్కటే. భుజము నేలకు బలముగా తగిలినపుడు కీలును పట్టి ఉంచే బంధనాలు తెగవచ్చును. అపుడు చేతి బరువుకు రెక్క క్రిందికి దిగుతుంది. జత్రుక కొన మెట్టువలె పైకి కనబడుతుంది.

ఇది క్రొత్త గాయము కాదు. దీనిని భుజపు పెద్దకీలు తప్పినట్లు పొరబడరాదని ప్రాచీన గ్రీకు వైద్యుడు హిప్పోక్రటీసు హెచ్చరించినాడు. యునానీ వైద్యులు జాలీనూస్ అని పిలిచే గేలెన్‌కు మల్లశాలలో స్వయముగా ఈ దెబ్బ తగిలినది. 1984లో అమెరికన్ వైద్యుడు రాక్‌వుడ్ దీనిని ఆరు తరగతులుగా విభజించినాడు. మొదటి రెండింటికి విశ్రాంతి, వ్యాయామము చాలును. మూడవదానిపై వైద్యులలో నేటికీ భిన్నాభిప్రాయాలున్నవి. చివరి మూడింటికి సాధారణముగా శస్త్రచికిత్స చేస్తారు.

శస్త్రచికిత్స ఎముకను స్వస్థానములో నిలుపుతుంది. పనిచేసే శక్తిని రోగియే తిరిగి సంపాదించుకొనవలెను. ఇక్కడ జరిగే తప్పులు రెండు. భయముతో కదపనివాని భుజము బిగుసుకొనిపోతుంది. తొందరపడినవాని కట్టు లోపల వదులవుతుంది.

మొదటి ఆరు వారాలు సుమారుగా చేయి జోలెకట్టులో ఉండవలెను. ఏలయన, వ్రేలాడే చేతి బరువే క్రొత్త కట్టును క్రిందికి లాగుతుంది. వ్రేళ్ళు, మణికట్టు, మోచేయి మాత్రము తొలిదినాలనుండే కదపవచ్చును. వైద్యుడు అనుమతించిన పిదప వెల్లకిల పడుకొని, రెండవ చేతి సాయముతో ఈ చేతిని భుజమెత్తువరకే లేపవలెను. తరువాత కట్టు తీసి, గోడపై వ్రేళ్ళను మెల్లగా పైకి నడిపించుట, రెక్కలను వెనుకకు దగ్గరచేయుట అభ్యసించవలెను. కొక్కెపు పలక అమర్చినవారు దానిని తీసివేయువరకు చేతిని భుజముకంటె పైకి ఎత్తరాదని సాధారణముగా వైద్యులు చెబుతారు. సుమారు మూడు మాసాలు నిండిన పిదప స్వల్పమైన బరువులతో కండరాలకు బలము చేకూర్చవలెను. బస్తాలు మోయుట, కబడ్డీ ఆడుట దాదాపు ఆరు మాసాల మాట. రెండు చేతుల కదలిక, బలము సమానమై, నొప్పి లేనపుడే అందుకు పూనుకొనవలెను. మధ్యలో జ్వరము, గాయమునుండి చీము, వ్రేళ్ళ తిమ్మిరి కలిగినా, మెట్టు మరల కనబడినా వెంటనే వైద్యుని చూడవలెను.

పోటీలు దగ్గరపడినవని గాయపడిన ఆటగానిని బరిలోనికి పిలువరాదని కళాశాల పెద్దలకు మా మనవి. మిర్చి కోతలు ఎవరికోసమూ ఆగవు, నిజమే. అయినను ఈ సంవత్సరము ఇంటిలో మరొకరు బస్తా ఎత్తుకొంటే, రాబోయే సంవత్సరాలన్నీ ఆ భుజము మోయగలదు. ఈ సంగతిని విద్యార్థులు తమ ఇండ్లలో పెద్దలకు వివరించి చెప్పవలెనని కోరుతున్నాము.