పేరుకే లిమిటెడ్

బిలాస్‌పూర్‌ది రైల్వే బతుకు. 2003లో ఆగ్నేయ మధ్య రైల్వేకి ప్రధాన కేంద్రమైన ఈ ఊళ్ళో, బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల్లో కొలువులకొచ్చిన తెలుగు కుటుంబాలూ ఉన్నాయి. కొలువు దొరకనివారికి కనిపించే దారి కాంట్రాక్టు. అందుకు ఒక కంపెనీ, బ్యాంకు అప్పు. బిల్లులు ఆగి కంపెనీ మునిగితే బాకీ ఎవరిది?

సొంత పేరుతో నడిపే వ్యాపారమైతే ప్రశ్నే లేదు. ఇల్లూ వాకిలీ అప్పుకు జవాబు చెప్పాల్సిందే. భాగస్వామ్య సంస్థలోనూ అంతే. ప్రైవేట్ లిమిటెడ్ అయితే వాటాకు కట్టాల్సిన సొమ్ముతో యజమాని బాధ్యత సరి. చట్టం మాట ఇదే. బ్యాంకు మాత్రం ఆ గోడకు ముందే కన్నం వేస్తుంది: డైరెక్టర్ల చేత వ్యక్తిగత హామీ పత్రంపై సంతకం చేయిస్తుంది. 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం, పత్రంలో వేరే షరతు లేకుంటే, హామీదారు బాధ్యత అసలు రుణగ్రహీతతో సమానం.

దివాలా చట్టాన్ని 2019 డిసెంబరు 1 నుంచి ఈ హామీదారులకూ వర్తింపజేశారు. కంపెనీకి పరిష్కార ప్రణాళిక ఆమోదం పొందినంత మాత్రాన హామీదారు బయటపడడని 2021 మే 21న సుప్రీంకోర్టు తేల్చింది. బిలాస్‌పూర్ కంపెనీల దివాలా కేసులు వెళ్ళేది కటక్ ట్రిబ్యునల్‌కు. హైకోర్టున్న ఊరికి ఇదో విడ్డూరం.

చెక్కు చెల్లకపోతే వ్యవహారాలు చూసే డైరెక్టరుకు రెండేళ్ళ వరకు జైలుశిక్ష పడొచ్చు. డైరెక్టరు పదవికి రాజీనామా చేసినా, అప్పటిదాకా తీసుకున్న అప్పుపై ఇచ్చిన హామీ దానంతటది రద్దు కాదు. విడుదల చేస్తున్నట్టు బ్యాంకు కాగితం ఇవ్వాలి.