రెండు గీతలున్నా కాల్ ఎందుకు కలవదు?

ఫోన్ పైన మూలలో ఉండే సిగ్నల్ గీతల్ని రోజుకి ఎన్నిసార్లు చూస్తామో లెక్కే లేదు. మూడుంటే ధీమా, రెండుంటే పర్లేదు, ఒకటే ఉంటే డాబా ఎక్కుతాం. కానీ ఆ గీతలు చెప్పేది సగం సంగతే. టవర్ మాట మన ఫోన్‌కి ఎంత బాగా వినిపిస్తోందో చెప్తాయి, అంతే. మన ఫోన్ మాట టవర్‌కి వినిపిస్తోందా లేదా అన్నది చెప్పవు.

నేను చేసేది సాఫ్ట్‌వేర్ ఉద్యోగమే గానీ, బీటెక్‌లో చదివింది ఈసీఈ. ఆ కమ్యూనికేషన్స్ పాఠాలు ఆఫీసులో పెద్దగా అక్కర్లేదు. పోయినేడాది మా ఊళ్ళో జరిగిన ఒక సంగతి తర్వాత మాత్రం, ఇవి అందరికీ తెలియాలి అనిపించింది.

మా మావయ్యని పొలంలో పాము కరిచింది. టైము సాయంత్రం ఏడు. టవర్ ఐదారు కిలోమీటర్ల దూరం, మధ్యలో కొండ. ఫోన్లో రెండు గీతలు కనిపిస్తున్నాయి. మూడుసార్లు 108కి చేశాడు, కలవలేదు. ఇంక లాభం లేదని ఇంట్లో ఉన్న కొడుక్కి, అంటే మా బావకి, ‘పాము కరిచింది. మోటార్ దగ్గర ఉన్నా. రా’ అని ఎస్ఎంఎస్ పెట్టాడు. అది వెళ్ళింది. బావ బండేసుకుని వచ్చి ఆస్పత్రికి తీసుకెళ్ళాడు. మావయ్య ఇప్పుడు బాగానే ఉన్నాడు. కానీ ఇంట్లో అందరూ నన్నడిగింది ఒకటే: ‘కాల్ వెళ్ళనిచోట మెసేజ్ ఎలా వెళ్ళిందిరా?’

టవర్‌ది మైకు, మనది కేక

గుళ్ళో మైకు పెడితే పొలంలో ఉన్నవాళ్ళకి కూడా వినిపిస్తుంది. మనం పొలంలోంచి ఎంత కేకేసినా గుడిదాకా వెళ్ళదు. టవర్‌కీ ఫోన్‌కీ మధ్య తేడా అలాంటిదే. టవర్ పదుల వాట్ల పవర్‌తో సిగ్నల్ పంపగలదు. మామూలు 4జీ ఫోన్ మహా అయితే 0.2 వాట్లతో పంపుతుంది. ఆ తేడాని పూడ్చడానికి టవర్‌కి పెద్ద యాంటెన్నాలు, చిన్న చప్పుడు కూడా పట్టే రిసీవర్లు ఉంటాయి. అయినా దూరం మరీ పెరిగితే, సాధారణంగా ముందు చేతులెత్తేసేది మన ఫోనే. అందుకే గీతలున్నా కాల్ కలవకపోవచ్చు. సిగ్నల్ తక్కువున్న ఊరికెళ్తే ఛార్జింగ్ తొందరగా అయిపోవడానికి కారణం కూడా ఇదే. ఫోన్ గొంతు చించుకుంటూ ఉంటుంది.

పైగా, ఎంత సిగ్నల్‌కి ఎన్ని గీతలు చూపించాలో ఏ ఫోన్ కంపెనీ లెక్క దానిది. అసలు కొలత డీబీఎంలో ఉంటుంది. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో సెట్టింగ్స్‌లో ‘అబౌట్ ఫోన్’కి వెళ్ళి సిమ్ స్టేటస్ చూస్తే కనిపిస్తుంది. 4జీలో మైనస్ 80 అంటే చాలా బాగున్నట్టు, మైనస్ 110 దాటితే కష్టం. అంకె పది తగ్గిన ప్రతిసారీ సిగ్నల్ బలం పదో వంతుకి పడిపోతుంది. మైనస్ 100 అంటే ఒక వాట్‌లో పది లక్షల కోట్ల వంతుల్లో ఒక్క వంతు! అంత చిన్న సిగ్నల్‌ని కూడా మన జేబులో ఫోన్ చదివేస్తోంది.

వెళ్ళేది గొంతు కాదు

మనం ‘హలో’ అంటే ఆ గొంతు అలాగే గాల్లో ప్రయాణం చెయ్యదు. ముందు అంకెలుగా మారుతుంది. 2జీ కాల్‌నే తీసుకోండి. ఫోన్ మన గొంతుని సెకనుకి 8,000 సార్లు కొలుస్తుంది. అలాగే పంపితే సెకనుకి 1,04,000 బిట్లు అవుతాయి. అన్ని మోయడం కష్టం. అందుకని 20 మిల్లీసెకన్ల ముక్కలు చేసి, ఒక్కో ముక్కలో మన గొంతు, నోరు ఏ తీరులో ఉన్నాయో వివరాలు మాత్రం పంపుతుంది. అవతలి ఫోన్ ఆ వివరాలతో మన గొంతుని మళ్ళీ తయారుచేస్తుంది. దీంతో 1,04,000 బిట్లు కాస్తా 13,000కి దిగుతాయి.

ఒక్కో ముక్కకి 260 బిట్లు. దారిలో పాడైతే సరిచేసుకోడానికి రక్షణ బిట్లు కలిపి 456 చేస్తారు. వాటిని ఎనిమిది భాగాలుగా విడదీసి వేర్వేరుగా పంపుతారు. అరిసెలన్నీ ఒకే సంచిలో పెట్టకుండా ఎనిమిది సంచుల్లో సర్దినట్టు. ఒక సంచి పోయినా పండగ ఆగదు. మరీ ఎక్కువ పాడైతే మాత్రం ఫోన్ పాత ముక్కనే మళ్ళీ వినిపించి నెట్టుకొస్తుంది. మధ్యమధ్యలో అవతలివాళ్ళ గొంతు రోబోలా వినిపించేది అందుకే.

కాల్‌కి ఉన్న అసలు చిక్కు టైమ్. ఈ ముక్క ఇప్పుడే చేరాలి. ఆలస్యంగా వస్తే పనికిరాదు.

ఎస్ఎంఎస్‌కి ఆ తొందర లేదు. ఒక ఎస్ఎంఎస్ మొత్తం కలిపి 1,120 బిట్లే, అంటే ఇంగ్లిష్‌లో 160 అక్షరాలు. తెలుగు లిపిలో 70కి మించితే ఇంకో మెసేజ్ కింద లెక్క, అందులో గుణింతాలూ ఒత్తులూ కూడా విడివిడిగా లెక్కకొస్తాయి. ‘అందింది’ అని జవాబు రాకపోతే ఫోన్ మళ్ళీ ప్రయత్నించగలదు. అవతలి ఫోన్ ఆఫ్‌లో ఉంటే నెట్‌వర్క్ కొంతసేపు దాచిపెడుతుంది కూడా. కాల్‌కి దారి లేనిచోట ఎస్ఎంఎస్‌కి అవకాశం ఎక్కువ ఉండేది ఇందుకే. వాట్సాప్‌కి డేటా కావాలి, దీనికి అక్కర్లేదు.

దీని వెనకున్న సూత్రాన్ని క్లాడ్ షానన్ అనే అమెరికన్ 1948లోనే లెక్కగట్టి చెప్పాడు. చుట్టూ ఎంత రొద ఉన్నా దాన్నిబట్టి ఒక వేగం హద్దు ఉంటుంది, ఆ హద్దులోపల పంపితే తప్పుల్ని ఎంత కావాలంటే అంత తగ్గించవచ్చు అని. జాతరలో మాట్లాడేటప్పుడు మనం చేసేదీ అదే కదా, నెమ్మదిగా, నాలుగు మాటల్లో, రెండుసార్లు చెప్తాం. 4జీ ఫోన్ కూడా అంతే. సిగ్నల్ బాగుంటే ఒక్కో విడతకి 8 బిట్ల దాకా పంపుతుంది, బలహీనపడితే 2 బిట్లకి దిగుతుంది. నెట్ స్లో అయిందని మనం విసుక్కుంటాం. నిజానికి అది తెగిపోకుండా కాపాడుకుంటోంది.

అవసరం పడితే ఏం చెయ్యాలి?

ముందు 112కి చెయ్యండి. పోలీస్, ఫైర్, అంబులెన్స్ మూడింటికీ ఇదే నంబర్. దీన్ని ఫోన్ ఎమర్జెన్సీ కాల్‌గా గుర్తిస్తుంది. మీ సిమ్ కంపెనీ సిగ్నల్ లేకపోయినా, దగ్గర్లో ఇంకో కంపెనీ టవర్ ఉంటే దాని మీదుగా వెళ్ళే ప్రయత్నం చేస్తుంది. ఏ టవరూ లేకపోతే మాత్రం ఏమీ చెయ్యలేం.

కలవకపోతే దగ్గర్లో ఉన్న మనిషికి ఎస్ఎంఎస్ పెట్టండి. ఏమైంది, ఎక్కడున్నారు, అంతే రాయండి.

వీలైతే రేకుల షెడ్డులోంచి, కారులోంచి బయటికి రండి. నాలుగడుగులు అటూఇటూ జరగండి. సిగ్నల్ కొండకీ గోడలకీ తగిలి చాలా దారుల్లో వస్తుంది. అవి ఒకచోట కలిసి బలపడతాయి, ఇంకోచోట ఒకదాన్నొకటి చంపుకుంటాయి. 900 మెగాహెర్ట్జ్‌లో ఒక అల పొడవు 33 సెంటీమీటర్లే కాబట్టి జానెడు జరిగినా తేడా రావచ్చు. పాము కరిచినవాళ్ళు మాత్రం నడవకూడదు. ఉన్నచోటే ఫోన్ పట్టుకున్న చేతిని పైకెత్తి పంపినా చాలు.

మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళ ఎస్ఎంఎస్ యాప్ నిండా బ్యాంకు మెసేజ్‌లూ ఓటీపీలే. అందులోంచి మనమూ పంపొచ్చని చాలామందికి గుర్తే లేదు. ఈసారి ఊరెళ్ళినప్పుడు అమ్మానాన్నల చేత ఒక్కటి పంపించి చూడండి. రెండు నిమిషాల పని.