బస్సు ఇంజను స్థానమున జనరేటరు

ఉత్తర దక్షిణములను కలుపు 44వ జాతీయ రహదారియు, నిజామాబాదు నుండి జగిత్యాల వైపు సాగు 63వ జాతీయ రహదారియు ఒకదాని నొకటి దాటుచోట, నల్లని బండరాళ్లు పేర్చినట్లున్న సిద్ధులగుట్ట చెంతనే, ఆర్మూరు పట్టణ మున్నది. దాని చుట్టుపట్ల పల్లెలలో పసుపు త్రవ్వి, ఉడికించి, ఎండబెట్టి, డ్రమ్ములలో త్రిప్పి మెరుగుపెట్టు రైతులును కూలీలును ఆ పనుల కాలమున పొలముల యందే దినములు గడుపుదురు. ఇట్టి జనులయొద్దకు వైద్యపరీక్షయైనను, పంటశిక్షణయైనను తానే నడచి రావలెనన్న, పాత బస్సును గదిగా మార్చి పంపుట చౌకయైన మార్గము.

ఇది తెలుగునాట క్రొత్త మాట కాదు. 1932లో 27 బస్సులతో నిజాం రాష్ట్రమున ఆరంభమైన ప్రభుత్వ బస్సురవాణా ప్రజలను మోసికొనిపోవుటకే పుట్టినది. కాని 1982లో నందమూరి తారక రామారావు షెవ్రొలే వ్యానును చైతన్యరథముగా మార్చి ఊరూర తిరిగినపుడు, వాహనమే వేదిక కాగలదని జనులు చూచిరి. 2020లో కరోనా వ్యాపించినపుడు ఆంధ్రప్రదేశ్‌లో ఆర్టీసీ వారి ఇంద్ర బస్సులే సంజీవిని పేర పరీక్షాశాలలైనవి. ఇట్లు మారిన ప్రతి వాహనమునకును ఒకటే ప్రశ్న యెదురగును: దీపములకు, పంకాలకు, మందుల ఫ్రిజ్జుకు, ఏసీకి కరెంటు ఎచ్చటనుండి రావలెను?

పల్లెకు చేర్చి ఒకేచోట నిలిపియుంచుటకై ఇంజను విప్పివేసిన బస్సున, ఆ ఖాళీస్థానము జనరేటరుకు తగిన తావుగా తోచుట సహజము. అయితే అన్ని బస్సుల ఇంజను స్థానము లొక్క తీరుగా నుండవు. మన పల్లెవెలుగు వంటి పాత బస్సులలో ఇంజను డ్రైవరు ప్రక్కనే, మూతక్రింద, మనుషులు కూర్చుండు గదిలోనే యుండును; అచ్చట జనరేటరు పెట్టుట పొగను గదిలోనికి ఆహ్వానించుటయే. ఇంజను వెనుక నుండు బస్సులలోనైతే గోడ యొకటి అడ్డముండి, తలుపు బయటికే తెరచుకొనును గనుక, ఆ స్థానమును తగినట్లు సవరించికొన వచ్చును. బస్సు ఇంకను రోడ్డుమీద నడువవలసినదే యైనచో, ఇంజనును కదలింపక, సామానుల డిక్కీలో బయటికి తెరచుకొను పెట్టె కట్టుట మేలు.

తావు దొరికినంతనే పని ముగియదు. గాలి నడక నేర్పరచుటయే అసలు పని. డీజిలు దహించినపుడు పుట్టు శక్తిలో సుమారు మూడవవంతు మాత్రమే తిరుగుడుశక్తి యగును. తక్కినది ఇంజనును చల్లార్చు నీటిచేతను, పొగచేతను వేడియై పోవును. 5 కె.వి.ఏ. జనరేటరు, పవర్ ఫ్యాక్టరు 0.8 చొప్పున, 4 కిలోవాట్ల విద్యుత్తు నిచ్చునపుడు దానికి రెండింతలకు మించిన వేడిని వెలికి త్రోయవలెను. పసుపు ఉడికించు కళాయిపై గోనెసంచులు కప్పి ఆవిరిని నిలుపుదురు. యంత్రగృహమున మాత్రము వేడి నిలుచుట యంత్రమునకు చేటు. ఎండకాలమున 45 డిగ్రీలు దాటు నిజామాబాదు జిల్లాలో, చల్లని గాలి లోనికి వచ్చు దారియు, వేడిగాలి పోవు దారియు వేర్వేరు వైపుల నుండవలెను. పోయిన వేడిగాలి మరల లోనికి తిరిగిరాకుండ నడుమ రేకు అడ్డముండవలెను. పసుపు మెరుగుపెట్టుచోట లేచు ధూళి, ఎయిర్ ఫిల్టరును రేడియేటరును త్వరగా మూసివేయును గనుక, వాటిని తరచుగా తుడుచుట మరువరాదు.

వేడికన్న పొగ మరింత ప్రమాదకరము. అందలి కార్బన్ మోనాక్సైడ్ రంగును వాసనయు లేనిది. ఆక్సిజనుకన్న రెండువందల రెట్లకు మించిన బలముతో హిమోగ్లోబిను నంటుకొని, మనిషి తెలిసికొనకముందే స్పృహ తప్పించును. కావున సైలెన్సరు గొట్టము కిటికీలకు, ఏసీ గాలిద్వారములకు దూరముగా సాగవలెను. గోడలో కేబులు పోవు రంధ్రము లన్నియు అగ్ని తట్టుకొను పూతతో మూయబడవలెను. లోపల ఈ వాయువును పసిగట్టు అలారము తప్పక యుండవలెను.

తక్కినవి క్రమముగా అమరును. రబ్బరు మౌంటింగులు కంపనమును బస్సు చట్రమునకు అంతగా చేరనీయవు. 50 హెర్ట్‌జ్‌ల కరెంటు నిచ్చుటకు నిమిషమునకు 3000 చుట్ల యంత్రముకన్న 1500 చుట్లది నెమ్మదిగా, తక్కువ ధ్వనితో, దీర్ఘకాలము పనిచేయును. 2005 నుండి తయారైన డీజిలు జనరేటర్ల ధ్వని, పెట్టెనుండి మీటరు దూరమున 75 డెసిబెల్సు మించరాదని నిబంధన. ఒకటిన్నర టన్ను ఏసీ నడచునపుడు సుమారు ఒకటిన్నర కిలోవాటు తీసికొన్నను, ఆరంభమున అనేక రెట్ల ప్రవాహమును గుంజును గనుక, జనరేటరు సామర్థ్యమును అందుకు తగినట్లు ఎంచుకొనవలెను. ఊరి లైనును జనరేటరును ఒకేసారి కలియనీయని చేంజ్ఓవరు స్విచ్చు, సరియైన ఎర్తు, షాకును ఆపు బ్రేకరు లేకుండ ఒక దీపమైనను వెలిగింపరాదు. వాహనమును మార్చుటకు 1988 మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను ప్రకారము రవాణా అధికారుల అనుమతి కావలెనని గూడ గుర్తుంచుకొనవలెను.

ఇట్టి బస్సు కట్టదలచిన సంఘములును, దానిని చేతబూనిన మెకానికులును ఒక నియమమును పాటింపవలెనని మా ప్రార్థన: ముందుగా గాలికి దారియు, పొగకు పోకయు ఏర్పరచి, పిదప జనరేటరును కొనుడు, ఎందుకనగా లోపల కూర్చుండు రైతుకూలీల ప్రాణము ఆ రెండు దారులపైననే ఆధారపడి యున్నది.